వెనక్కి పిలవకూడని పడవ

గోర్హమ్ వాళ్ళ రోవీనాకి చలి అంటే లెక్కలేదు. చేపల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం మంచునీళ్ళలో చేతులు పెట్టి నిలబడే మనిషి. గాలివానలో మొగుడి పడవ ఆలస్యమైనా వంట మానేసి కూర్చునే రకం కాదు. అలాంటి ఆడది ఎనిమిదేళ్ళ కూతురికి "వద్దు" అనే ఒక్క మాట చెప్పాలంటే ముందు వంటగదంతా ఒకసారి కలయజూసుకునేది. పొయ్యి మీద ఏముంది, బల్ల మీద కత్తి ఉందా, వీధి తలుపు గడియ వేసి ఉందా అని చూసుకుని, అప్పుడు చెప్పేది. మా గ్యానెట్ కోవ్‌లో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. తెలిసి జాలిపడ్డవాళ్ళు తక్కువ, సలహాలిచ్చినవాళ్ళు ఎక్కువ. సలహాకి ఖర్చేముంది!

ఆ పిల్ల పేరు జోసీ. పెళ్ళైన చాలా ఏళ్ళకి, ఇక పిల్లలు లేరనుకున్నాక పుట్టింది. ఔనంటే సంతోషం పట్టలేక కాళ్ళూ చేతులూ చూసుకోకుండా గంతులేసేది, గుమ్మాలకి కొట్టుకునేది. కాదంటే చేతికందింది విసిరేది, అడ్డొచ్చినవాళ్ళని కరిచేది, ఆ తర్వాత ఏదో ఒక ఇరుకులో దూరిపోయేది. మంచం కింద, మెట్ల కింద, ఒకసారైతే బట్టలు ఆరబెట్టే మిషన్లో. ఈ దూరడమే రోవీనా ప్రాణం తోడేసేది. కరిచే పిల్ల కనీసం కళ్ళ ముందు ఉంటుంది. దాక్కున్న పిల్ల పేరు పెట్టి అరిస్తే ఇంకా లోపలికి జరిగేది. బడి బస్సువాళ్ళు ఇక ఎక్కించుకోలేమన్నారు. ఫ్యాక్టరీలో ఫోను మోగితే చాలు, రోవీనా చేతిలో చేప జారిపోయేది.

రోవీనా పుట్టింది పక్క రేవులోనే. వాళ్ళ నాన్న బెల్టు మనిషి. ఆ ఇంట్లో పిల్లలంతా నోరెత్తకుండా పెరిగారు, పెరిగాక ఒక్కరూ ఆ ముసలాయన గడప తొక్కలేదు. అందుకని జోసీ పుట్టినప్పుడు, చచ్చినా బిడ్డ మీద చెయ్యెత్తనని ఒట్టు పెట్టుకుంది. ఒట్టు బాగానే ఉంది, మరి చెయ్యెత్తకుండా ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళేరీ? మొదట్లో అడిగిందల్లా ఇచ్చి చూసింది. ఇచ్చినకొద్దీ పిల్ల కుదురుకోకపోగా మరీ బెదిరినట్టు ఇంకా ఇంకా అడిగేది. ఆఖరికి తనకు తానే ఒక పద్ధతి పట్టింది. గొంతు తగ్గించాలి. తక్కువ మాట్లాడాలి. ఇస్తానంటే ఇవ్వాలి, కుదరదంటే కుదరదు. ఏడిస్తే పక్కన కూర్చోవాలి కానీ మాట మార్చకూడదు. వినడానికి ఎంత తేలిక! చేసి చూడండి తెలుస్తుంది.

ఇంట్లో ఆమెకి తోడు నిలిచినవాళ్ళు లేరు. మొగుడు క్లేటన్ వెన్నలాంటి మనిషి. పడవ మీద నలుగురు మగాళ్ళని కళ్ళతో నడిపిస్తాడు, కూతురి కళ్ళలో నీళ్ళు చూస్తే మాత్రం ఉప్పులా కరిగిపోతాడు. వద్దని చెప్పే ధైర్యం లేక "చూద్దాంలే బుజ్జీ" అనేవాడు. అత్తగారు వెల్మా దీనికి పూర్తిగా ఎదురు. మొగుడు సముద్రంలో పోయిన నాటి నుంచీ రేవు షెడ్డులో రేడియో దగ్గర కూర్చుని పడవలకి గాలీ వానా కబుర్లు చెప్పే ముసలమ్మ. ఆమె మాట ఊరందరికీ వేదం.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా? రెండు తగిలించవే, అదే దారికొస్తుంది," అనేది వెల్మా. "మా అమ్మ మమ్మల్ని కొట్టలా? మేం బాగుపడలా?"

"ఎందుకు బాగుపళ్ళేదూ? అందుకే మీ అన్నదమ్ములు ఎదురుపడితే రోడ్డు దాటి పోతారు," అనేది రోవీనా.

"అబ్బో, నోరు చూడు. ఆ నోరేదో కూతురి ముందు పెట్టు."

ఇక ఆ నవంబరు చివరి ఆదివారం సంగతి. మర్నాడు లాబ్‌స్టర్ వేట మొదలు. మా నోవా స్కోషియా దక్షిణపు రేవుల్లో ఆ రోజుని మించిన పండగ లేదు, ఆ రోజుని మించిన భయమూ లేదు. బోనులన్నీ ఒక్కరోజే ఎక్కించాలి, ఒక్కరోజే సముద్రంలో దించాలి. బోను అంటే ఇనుప తీగల పెట్టె, ఒక్కొక్కటీ గట్టి మనిషి మొయ్యాల్సిన బరువు. వాటిని మనిషెత్తు దాటేలా పేర్చి, ఒకదానికొకటి తాడుతో ముడేస్తారు. దించడానికి వీలుగా పడవ వెనక తలుపు తీసేస్తారు, అక్కడ అడ్డమంటూ ఏమీ ఉండదు. మొదటి బోను నీళ్ళలోకి తోశారంటే తాడు మిగతావాటిని లాక్కుపోతుంది. ఆ తాడులో కాలు పడ్డవాడి పేరు చర్చిలో రాతి పలక మీద చదువుకోవాల్సిందే.

ఆ సాయంత్రం భోజనానికి వెల్మా కూడా వచ్చింది. జోసీ చెంచా కింద పెట్టి అంది, "నేను కూడా రేపు నాన్నతో వెళ్తా."

రోవీనా పొయ్యి వైపు చూసింది. సూపు గిన్నె ఇంకా పొగలు కక్కుతోంది, అయినా దూరంగానే ఉంది. "వద్దు జోసీ. రేపు పడవ మీద పెద్దవాళ్ళే ఉంటారు. నువ్వూ నేనూ రేవు మీద నిలబడి చెయ్యూపుదాం."

"నాన్నా!"

క్లేటన్ పళ్ళెంలోకి చూస్తూ, "చూద్దాంలే బుజ్జీ," అన్నాడు.

"చూసేదేం లేదు," అంది రోవీనా. "వద్దంటే వద్దు."

ఆ పిల్ల అంత వేగంగా లేస్తుందని ఎవరనుకున్నారు! ఒక్క గెంతులో పొయ్యి దగ్గరికి పోయి గిన్నె విసిరికొట్టింది. పాలూ చేపలూ బంగాళదుంపలూ గోడనిండా కారాయి. కొంత వెల్మా ఒళ్ళో పడింది, ముసలమ్మ కెవ్వుమంది. రోవీనా వెళ్ళి జోసీ రెండు చేతులూ పట్టుకుంది. గొంతు తగ్గించింది. "విసరనివ్వను. చేతులు పట్టుకునే ఉంటా. ఏడుపొస్తే ఏడువు." జోసీ ఆమె మణికట్టు కరిచింది. రోవీనా పళ్ళ బిగువున ఓర్చుకుంది. పిల్ల ఊపిరి నెమ్మదించాక ఇద్దరూ గోడ తుడిచారు. సగం తుడిచి జోసీ గుడ్డ పారేసి మెట్ల కింద దూరింది. మిగతా సగం అలాగే ఉంచి రోవీనా అంది, "రేపు వచ్చాక తుడుద్దువుగాని. అది నీదే."

"దాన్ని ముద్దు చేసి నెత్తికెక్కించుకున్నావు," అని వెల్మా పాడైపోయిన స్కర్టు దులుపుకుంటూ వెళ్ళిపోయింది. పడుకునే ముందు క్లేటన్ పిల్ల గదిలోకి వెళ్ళి కాసేపు గుసగుసలాడి వచ్చాడు. ఏం చెప్పావని రోవీనా అడగలేదు. తెల్లారితే సముద్రం మీదికి పోయేవాడితో పోట్లాట ఎందుకులే అని ఊరుకుంది.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే రేవు మీద ఊరంతా ఉంది. పడవలన్నీ దీపాలు వేసుకుని, బోనుల బరువుకి నీళ్ళలో లోతుగా దిగి నిలబడ్డాయి. క్లేటన్ పడవకి వాళ్ళమ్మ పేరే, వెల్మా గ్రేస్. దాని వెనక బోనుల గుట్ట మీద క్లేటన్ చిన్నాన్న కొడుకు డెల్బర్ట్, మరో ముగ్గురు మనుషులు తాళ్ళు బిగిస్తున్నారు. జోసీ ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకుని, తల్లి చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ లేనంత బుద్ధిగా నిలబడింది. ఆ బుద్ధి చూసి రోవీనాకి అనుమానమొచ్చింది. నిన్నటి అలసటలే అనుకుంది.

పడవలు కదిలేముందు పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. రేవంతా తలలు వంచి కళ్ళు మూసుకుంటుంది. ఆ ప్రార్థనలో కళ్ళు తెరిస్తే ఆ ఏడు ఎవరో ఒకరికి కీడని మావాళ్ళ నమ్మకం. రోవీనా కూడా మూసుకుంది. ఆమెన్ అనగానే ఇంజన్లన్నీ ఒక్కసారిగా గర్జించాయి, తాళ్ళు విప్పారు. రోవీనా కళ్ళు తెరిచి కిందికి చూసింది. చేతిలో జోసీ చేతి ఉన్ని తొడుగు ఒక్కటే ఉంది, ఖాళీగా.

ముందు చూసింది రేవు అంచు కింద. నల్లటి నీళ్ళు, కొయ్య స్తంభాలు, కదులుతున్న పడవల నురగ. ఎర్ర టోపీ ఏదీ కనబడలేదు. తల ఎత్తితే వెల్మా గ్రేస్ అప్పుడే రేవుకి దూరమవుతోంది. అరిస్తే వినబడేంత దగ్గర. రోవీనా నోరు తెరిచింది. అరవలేదు.

అరవకపోవడానికి కారణం బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు. కట్టు విప్పిన పడవని వెనక్కి పిలవకూడదు, పిలిస్తే కీడు. గ్యానెట్ కోవ్‌లో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు ఇది. మరిచిపోయిన రొట్టెల డబ్బా చేతిలో పట్టుకుని, పిలవకుండా నిలబడి చూసే ఆడవాళ్ళున్న రేవు ఇది. అదీగాక పిల్ల పడవలో ఉందని ఎవరన్నారు? ఏ ట్రక్కు కిందో దూరి ఉంటుంది. ఉత్తపుణ్యానికి పిలిచి ఊరందరి నోట్లో పడడమా? ఇలా ఆలోచించిన ఆ కాస్త సేపట్లో పడవ అలలని ఆపే రాతి అడ్డుకట్ట మలుపు తిరిగిపోయింది.

ఆ తర్వాత పరుగులు. ట్రక్కుల కింద చూసింది. ఎర చేపల పెట్టెలు మూతలెత్తి చూసింది. పాత వలల గుట్టలో చేతులు పెట్టి కెలికింది. "జోసీ, అమ్మనే," అని మెల్లిగా, ప్రతిచోటా మెల్లిగానే పిలిచింది. గట్టిగా పిలిస్తే ఇంకా లోపలికి పోతుందని భయం. మెల్లిగా పిలిస్తే ఆ ఇంజన్ల మోతలో వినబడదని భయం. ఎవరో టార్చిలైటు పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నారు. ఆ వెలుగు నీళ్ళ మీద కదిలినప్పుడల్లా రోవీనా పైప్రాణాలు పైనే పోతున్నాయి.

ఆఖరికి తమ ట్రక్కు తలుపు తీసింది. సీటు మీద ఉండాల్సిన జోసీ బడి సంచి లేదు. పొద్దున ఇంట్లోంచి అది తెస్తుంటే ఎందుకని అడిగితే "బొమ్మలు" అంది. రోవీనాకి వంటింటి బల్ల గుర్తొచ్చింది. నిన్నటి రొట్టెలో సగం లేదు, బెల్లంపాకం సీసా మూత తీసి ఉంది. క్లేటన్ తీసుకెళ్ళాడనుకుంది. కాదు. జోసీయే భోజనం కట్టుకుంది. వెళ్తున్నానని తెలిసినట్టే కట్టుకుంది. రాత్రి ఆ గదిలో గుసగుసల్లో క్లేటన్ ఏం చెప్పి ఉంటాడో రోవీనాకి అప్పుడు తెలిసింది.

పడవలోనే ఉంది. ఎక్కడుంటుంది? ఇరుకులో. పడవలో ఇరుకంటే బోనుల మధ్య సందు, అన్నిటికంటే పెద్ద సందు వెనక చివర, తాళ్ళ చుట్టలు పెట్టేచోట. వేట మొదలైతే మొట్టమొదట తోసేది అక్కడి బోనునే.

రోవీనా షెడ్డులోకి పరిగెత్తింది. వెల్మా రేడియో ముందు కూర్చుని ఉంది. "అత్తయ్యా, మైకివ్వండి. జోసీ పడవలో ఉంది."

వెల్మా ముఖం పాలిపోయింది. కానీ మైకు మీంచి చెయ్యి తియ్యలేదు. "చూశావా నువ్వు? కళ్ళారా చూశావా?"

"చూడలేదు. ఉంది."

"వెనక్కి పిలవకూడదే."

"అత్తయ్యా!"

"నీకు తెలీదు, నోర్ముయ్!" ముసలమ్మ మైకుని గుండెకి అదుముకుంది. "నీ మావగారు గ్లౌజులు మర్చిపోయాడు. నేనే పిలిచా. పడవ తిప్పుకుని వచ్చాడు, నా చేత్తోనే విసిరా. నవ్వుకుంటూ వెళ్ళాడు. అంతే, మళ్ళీ రాలా. ఎవరికీ చెప్పలేదు నేను, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలా. ఇప్పుడు నా కొడుకుని పిలవమంటావా?"

రోవీనాకి ఆ ముసలమ్మ మీద మొదటిసారి జాలేసింది. కానీ జాలికి టైము లేదు. "పడవని పిలవను," అంది. "నా కూతుర్ని పిలుస్తా. ఇవ్వండి."

వెల్మా వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి.

"వెల్మా గ్రేస్, వెల్మా గ్రేస్. క్లేటన్, నేను రోవీనాని. జోసీ నీ పడవలో ఉంది."

రేడియోలో ఒకరు మాట్లాడితే పడవలన్నీ వింటాయి. అప్పటిదాకా జోకులూ పాటలూ వినిపిస్తున్న పెట్టె చప్పున మూగబోయింది. తర్వాత క్లేటన్ నవ్వు. "నిద్ర చాల్లేదా రో? ఇక్కడ జోసీ ఏంటి..."

"వెనక చివర చూడు. అరవొద్దు. పేరు పెట్టి పిలవొద్దు. ముందు చూడు."

గరగర శబ్దం. సుదూరంగా గాలి. రోవీనా రెండు చేతులతో మైకు పట్టుకుని నిలబడింది. పిల్ల అక్కడ ఉండాలని మొక్కుకోవాలో, ఉండకూడదని మొక్కుకోవాలో తెలియలేదు. లేకపోతే మరి నీళ్ళలోనేగా.

"ఉంది," అన్నాడు క్లేటన్. ఆ ఒక్క మాట సగంలో విరిగిపోయింది. "దేవుడా! చిట్టచివర ఉంది రో. బోనుల సందులో. డెల్బర్ట్ పైనుంచి చూశాడు. దాని వెనక ఏమీ లేదు, నీళ్ళే. ఇటు రమ్మంటే ఇంకా వెనక్కి జరుగుతోంది."

"పడవ ఆపావా?"

"ఆపితే అడ్డం తిరిగి ఊగుతుంది, బోనులు జారతాయి. అలలకి ఎదురుగా మెల్లిగా పోనిస్తున్నా. నేను చక్రం వదల్లేను. డెల్బర్ట్ బోర్లా పడుకుని చెయ్యి చాపాడు, అందట్లా. ముందుకి పాకితే అది వెనక్కి పోతోంది."

వెల్మా పక్కనున్న ఫోన్లో కోస్ట్ గార్డుకి చెబుతోంది. తమ పడవ బయల్దేరిందని వాళ్ళన్నారు. ఎంతసేపని ముసలమ్మ అడగలేదు, రోవీనా అడగలేదు. ఆ నీళ్ళలో చిన్నపిల్ల ఎంతసేపుంటుందో ఇద్దరికీ తెలుసు.

క్లేటన్ గొంతు మళ్ళీ వచ్చింది. "దాన్ని వేటకి తీసుకెళ్తానంటే వస్తానంటోంది. నేను సరే అన్నా. వంద సార్లు అన్నా! నమ్మట్లేదు రో. నువ్వు అబద్ధాలు చెప్తావు నాన్నా అంటోంది. అమ్మ చెప్పాలంట. పడవ వెనకున్న స్పీకరు వేశా, నువ్వు మాట్లాడితే దానికి వినబడుతుంది. ఒక్కసారి సరే అను. అంతే చాలు. వచ్చేస్తుంది."

రోవీనా కిటికీలోంచి అడ్డుకట్ట వైపు చూసింది.

"రో! వింటున్నావా? ఒక్క అబద్ధం! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"చెప్పేయవే," అంది వెల్మా ఆమె మోచెయ్యి పట్టుకుని. "ఏదో ఒకటి చెప్పు. ముందు బిడ్డ చేతికి రానీ, తర్వాత సంగతి తర్వాత."

చెప్పేద్దామనే అనుకుంది రోవీనా. ఎవరైనా అనుకుంటారు. మైకు మీట నొక్కింది కూడా. అప్పుడు కళ్ళకి కట్టినట్టు కనబడింది: సరే అనగానే జోసీ ఏం చేస్తుంది? గెంతుతుంది. ఔనన్న మాట వింటే ఆ పిల్ల ఎప్పుడైనా కుదురుగా వచ్చిందా? లేచి నిలబడుతుంది, ఊగే పడవ మీద, మంచు పట్టిన బోనుల మీద, తాళ్ళ మధ్య పరిగెత్తుకొస్తుంది. పోనీ వద్దంటే? వద్దంటే వెనక్కి జరుగుతుంది. జరగడానికి అక్కడ చోటు లేదు.

ఇన్నేళ్ళుగా ప్రతిరోజూ భయపడుతూ చెప్పిన మాటే మళ్ళీ చెప్పాలి. గొంతులో ఆ భయం వినబడకుండా చెప్పాలా? దాస్తే అదీ అబద్ధమే, పిల్ల పసిగడుతుంది.

"జోసీ," అంది. "నేను అమ్మని. నాకు చాలా భయంగా ఉంది. అందుకే గొంతు ఇలా వస్తోంది. నువ్వు ఇవాళ వేటకి వెళ్ళవు. నాన్న నిన్ను ఇంటికి తీసుకొస్తాడు. నేను రేవు మీద నిలబడే ఉంటా."

"రోవీనా!" అని వెల్మా కేక పెట్టి నోరు మూసుకుంది.

రోవీనా మీట వదిలింది, మళ్ళీ నొక్కింది. "నువ్వు భోజనం కట్టుకున్నావు, నేను చూశా. నాన్న తీసుకెళ్తాడనుకున్నావు. నాన్న చెప్పింది తప్పు. అది నీ తప్పు కాదు. పడవలో దాక్కోవడం నీ తప్పు. ఇప్పుడు లేవొద్దు. పొట్ట మీద పడుకో. రెండు చేతులతో తీగలు పట్టుకో. డెల్బర్ట్ బాబాయి చెయ్యి కనబడుతోంది కదా, అటు పాకు. ఒక చెయ్యి పట్టు దొరికాకే రెండోది వదులు."

అప్పుడొచ్చిన నిశ్శబ్దం గురించి రోవీనా ఇప్పటికీ మాట్లాడదు. వెల్మా చెప్పింది, ఆ కాసేపట్లో తన కోడలి ముఖం తన ఈడుకి వచ్చేసిందని. కిటికీ అవతల జనం గుంపుగా నిలబడ్డారు.

"పడుకుంది," అన్నాడు క్లేటన్ గుసగుసగా. "బోర్లా పడుకుంది. పాకుతోంది. పాకుతోంది రో... అయ్యో! ఆగిపోయింది. అల వచ్చింది. పట్టుకునే ఉంది. ఏదో అంటోంది. డెల్బర్ట్, ఏమంటోందిరా?" కాస్త ఆగి, "అమ్మకి కోపమొచ్చిందా అని అడుగుతోంది," అన్నాడు. "రాలేదని చెప్పనా?"

"నేనే చెప్తా," అంది రోవీనా. "జోసీ, ఇప్పుడు లేదు. తర్వాత వస్తుంది, చాలా వస్తుంది. తిడతా కూడా. కానీ ముందు పట్టుకుంటా. పట్టుకోవడం అయ్యాకే తిట్టడం. ఇక పాకు."

గరగర. గాలి. ఇంజను చప్పుడు. ఎవరో మగవాడు గట్టిగా ఏదో అరిచాడు, ఆ అరుపు ఎటువంటిదో తెలియక రోవీనా రేడియో మీదికి వంగింది. తర్వాత డెల్బర్ట్ గొంతు, మైకు క్లేటన్ చేతిలోంచి లాక్కున్నట్టుంది. "దొరికింది వదినా! చొక్కా పట్టుకున్నా, చెయ్యి పట్టుకున్నా, ఇప్పుడు నా కిందే ఉంది. నన్ను కరిచింది కూడా. బాగానే ఉంది!"

వెల్మా కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగుతూ చిన్నపిల్లలా ఏడ్చింది. రేడియోలో ఒక ముసలి సరంగు గొంతు సవరించుకుని, "క్లేటన్, పిల్లని లోపల కూర్చోబెట్టి హీటరు వెయ్యి. తడిసి ఉంటుంది," అన్నాడు. ఇంకెవరో, "పడవ తిప్పుకో బాబూ, నీ తావులో మేం బోనులు దించంలే," అన్నారు. కట్టు విప్పిన పడవ తిరిగొస్తోందని ఆ రోజు ఎవరూ ముఖం తిప్పుకోలేదు.

తెల్లారింది. అడ్డుకట్ట మలుపులో వెల్మా గ్రేస్ కనబడినప్పుడు రోవీనా మాట ఇచ్చినట్టే రేవు అంచున నిలబడి ఉంది. పక్కనే వెల్మా, చేతిలో దుప్పటి. ముసలమ్మ కళ్ళు పడవ మీద లేవు, దాని వెనక ఉన్న సముద్రం మీద ఉన్నాయి. క్లేటన్ ఇంకా మళ్ళీ వెళ్ళాలి, ఇవాళే వెళ్ళాలి. ఆ భయం ఆమెది, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు.

పడవ ఆగగానే క్లేటన్ పిల్లని ఎత్తి రేవు గోడకున్న నిచ్చెన మీదికి అందించాడు. అతని ముఖంలో రక్తం లేదు. "రో, నేను రాత్రి... బుద్ధిగా ఉంటే చూద్దామన్నానంతే," అన్నాడు.

"వద్దనడం నేర్చుకో క్లేటన్," అంది రోవీనా. "నా ఒక్కదానివల్ల కాదు. నేను రేపు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నీ మాట కూడా నమ్మాలి అది." అతను తలూపాడు. ఆమె అప్పటికే అతన్ని చూడడం లేదు. నిచ్చెన పై మెట్టు మీద జోసీ నిలబడింది, టోపీ లేదు, పెదాలు నీలం, గడ్డానికి బెల్లంపాకం అంటుకుని ఉంది.

రోవీనా పిల్లని లాక్కుని కోటు లోపలికి చుట్టేసుకుంది. ఇద్దరూ రేవు చెక్కల మీద కూలబడ్డారు. వెల్మా దుప్పటి కప్పింది. రోవీనాకి అప్పుడు పట్టుకుంది వణుకు, పళ్ళు టకటకా కొట్టుకునేంత వణుకు. చుట్టూ జనం ఏదో అంటున్నారు, టీ అంటున్నారు, లేవండి అంటున్నారు. వెల్మా గ్రేస్ మళ్ళీ కదిలింది, ఈసారి క్లేటన్ చెయ్యూపాడు. రోవీనా ఊపలేదు, చేతులు ఖాళీ లేవు.

చాలాసేపటికి కోటు లోపల్నుంచి చిన్న గొంతు వచ్చింది. "అమ్మా, ఇప్పుడు తిడతావా?"

"ఆగవే," అంది రోవీనా. "పట్టుకోవడం ఇంకా అవలేదు."